రోజూ మంచి విషయాలు రాస్తున్నా తృప్తి రావట్లేదు, తప్పెక్కడ?

ప్రశ్న:
పడుకునేముందు ఆ రోజు జరిగిన మూడు మంచి విషయాలు రాయడం మొదలుపెట్టి మూడు వారాలైంది. మొదటి వారం బాగానే అనిపించింది. ఇప్పుడు రోజూ అవే మాటలు: ఆరోగ్యం, కుటుంబం, ఉద్యోగం. హాజరుపట్టీలో సంతకం పెట్టినట్టుంది. ఆపేయాలా, ఏమైనా మార్చాలా? "అంతా మన మంచికే" అనుకోవడం మాత్రం నా వల్ల కాదు.

జవాబు 1:
ఆపకండి, తగ్గించండి. మనస్తత్వ శాస్త్రవేత్త సొంజా ల్యుబొమిర్‌స్కీ బృందం ఆరు వారాలపాటు చేయించిన ప్రయోగంలో వారానికోసారి రాసినవాళ్లకే సంతృప్తి పెరిగింది, మూడుసార్లు రాసినవాళ్లకు పెరగలేదు. రోజూ చేస్తే మనసు దానికీ అలవాటు పడిపోతుంది.

ఇంకో సంగతి, మీరు రాస్తున్నవి పద్దుల పేర్లు. మరో మనస్తత్వ శాస్త్రవేత్త మార్టిన్ సెలిగ్మన్ వాళ్లు 2005లో ప్రచురించిన పరీక్షలో ప్రతి విషయం పక్కనా అది ఎందుకు జరిగిందో కూడా రాయించారు. అందరూ ఎగ్గొట్టేది సరిగ్గా ఆ భాగాన్నే. "కుటుంబం" అని కాదు, "తలనొప్పిగా ఉంటే చెల్లి అడక్కుండానే లైటు ఆపేసింది, నా మొహం చూసి కనిపెట్టింది" అని రాయండి. అలా రాస్తే ఇవాళ్టిది రేపు మళ్లీ రాదు.

జవాబు 2:
ఉన్నవాటిని లెక్కపెట్టే బదులు ఒకదాన్ని తీసేసి చూడండి. 2008 నాటి ఒక అధ్యయనంలో (చేసినవాళ్లలో మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ గిల్బర్ట్ కూడా ఉన్నారు) తమ భాగస్వామిని ఎలా కలిశారో రాసినవాళ్లకంటే, అసలు కలవకుండా పోయే అవకాశాలేంటో రాసినవాళ్లకే ఆ బంధం మీద ఎక్కువ తృప్తి కనిపించింది.

ఒక మనిషినో అవకాశాన్నో తీసుకోండి. అది మీదాకా రావడానికి కారణమైన చిన్న చిన్న యాదృచ్ఛికాలు మూడు రాయండి. అందులో ఒకటి కొట్టేసి, తర్వాత ఏమై ఉండేదో పది నిమిషాలు రాసి ఆపేయండి. జరిగిపోయిన కాలంలోనే ఉండాలి సుమా. "రేపు ఇది పోతే?" అని మొదలుపెడితే మిగిలేది దిగులే.

జవాబు 3:
పోలిక ఎవరితోనో కూడా చూసుకోండి. 1992 బార్సిలోనా ఒలింపిక్స్ వీడియోలు పరిశీలిస్తే రజతం వచ్చినవాళ్లకంటే కాంస్యం వచ్చినవాళ్ల మొహాల్లోనే ఆనందం ఎక్కువ కనిపించిందట. ఒకరి చూపు చేజారిన బంగారం మీద, ఇంకొకరిది తప్పిన నాలుగో స్థానం మీద. అలాగని "లేనివాళ్లను చూసి తృప్తిపడు" అనే సలహా నాకు నచ్చదు, అందులో కాస్త చులకనభావం ఉంటుంది. మూడేళ్ల క్రితం మీకు రాని పని, ఇప్పుడు అవలీలగా చేసేస్తున్నది వెతకండి.

జవాబు 4:
వీటన్నిటికంటే ముందు ఒక గీత గీయండి: నా చేతుల్లో ఉన్నది ఇటు, లేనిది అటు. చూపు మార్చుకోవడం అటువైపువాటికే. చేతనైతే మార్చగలిగిన పరిస్థితిలోనూ దృక్పథమే మార్చుకుంటూ కూర్చునేవాళ్లలో కుంగుబాటు లక్షణాలు ఎక్కువని 2013లో ఒక అధ్యయనం వచ్చింది. పని గంటలు ఎక్కువైతే డైరీ తెరవడం కాదు, పై అధికారితో మాట్లాడాలి. రెండు వారాలుగా రోజులో ఎక్కువసేపు ఏదీ రుచించకుండా ఉంటే డాక్టర్ని కలవండి, అది డైరీతో తేలే వ్యవహారం కాదు.

ప్రశ్న అడిగినవారు:
"ఎందుకు" అన్న భాగం నేనూ ఎగ్గొట్టాను. ఇకనుంచి ఆదివారం ఒక్కరోజే రాస్తాను. ఉద్యోగం మాత్రం గీతకు ఇటే పడేలా ఉంది.