కొల్లేరు ఐదో కాంటూరు గీత: ఉచిత ఉపగ్రహ డేటాతో గీయవచ్చా?

లంకవాసి:
మాది కైకలూరు దగ్గర లంక గ్రామం. పంచాయతీలో పెట్టడానికి ఊరి మ్యాప్ వేస్తున్నాను. కొత్త రోడ్డు ఎటు పోవాలి, ఏ నేల కొల్లేటికే వదిలెయ్యాలి అని. 1999లో ప్రకటించిన అభయారణ్యం హద్దు +5 అడుగుల కాంటూరు (సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తున్న చోట్లను కలిపే గీత), విస్తీర్ణం 308 చదరపు కిలోమీటర్లు. క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో ఎస్‌ఆర్‌టీఎం అనే ఉచిత డేటాలోని నేల ఎత్తులు వేసి ఆ గీత గీస్తే మా వంటగది సరస్సులో పడింది. ఎండాకాలంలోనూ నడుములోతు నీళ్లుండే పక్క చేపల చెరువు మెరకట! 2006లో అభయారణ్యం హద్దులో ఉన్నాయని ప్రభుత్వం చేపల చెరువుల గట్లు కొట్టేసిన రోజు నాన్న అన్నం ముట్టలేదు. గీత తప్పితే ఏమవుతుందో తెలుసు కాబట్టి టెన్షన్‌గా ఉంది. అలాగని ఆటపాక గూడబాతులకు చోటు లేకుండా గీయలేను.

పాత సర్వేయరు:
తమ్ముడూ, ఆ గీత ఇంకెవరికీ చూపించకు. ఎస్‌ఆర్‌టీఎం 2000 ఫిబ్రవరిలో స్పేస్ షటిల్ నుంచి తీసిన డేటా. 30 మీటర్ల గడికి ఒక్క ఎత్తు, అదీ పూర్తి మీటర్లలో. పొరపాటు కొన్ని మీటర్ల దాకా ఉండొచ్చు. మూడో (+3 అడుగుల) కాంటూరుకీ ఐదో కాంటూరుకీ ఎత్తులో తేడా 61 సెంటీమీటర్లే. కొల్లేరు లాంటి చదును నేల మీద రెండడుగులు తప్పితే గీత ఎక్కడికో పోతుంది. దగ్గర్లోని బెంచ్ మార్క్ (ఎత్తు ముందే కొలిచి పెట్టిన గుర్తు) నుంచి ఆటో లెవెల్‌తో, అంటే ఎత్తు తేడాలు కొలిచే సర్వే పరికరంతో, ఎత్తు తెచ్చుకో. చట్టం ప్రకారం హద్దు తేల్చేది అధికారులే. నీ రీడింగులు వాళ్లను అడగడానికి పనికొస్తాయి.

డెల్టా అమ్మాయి:
సర్వేయరు గారి మాట నిజం. నీళ్లు ఎక్కడ నిలుస్తాయో మాత్రం ఉపగ్రహమే బాగా చెబుతుంది అన్నా. సెంటినెల్-1 ఉపగ్రహం రాడార్ మబ్బుల్లోంచి కూడా చూస్తుంది, కాబట్టి వరద రోజుల బొమ్మలు దొరుకుతాయి. వాటి పక్కన మే నెల బొమ్మ పెట్టండి. సరస్సు కుంచించుకుపోతుంది, నీళ్లు తోడి పెట్టుకున్న చెరువులు నలుచదరంగా అలాగే ఉంటాయి. మామూలు ఫొటోల్లో గుర్రపుడెక్క పచ్చటి పొలంలా కనిపించి మోసం చేస్తుంది, జాగ్రత్త.

లంకవాసి:
ఇద్దరికీ థాంక్స్. పాలిటెక్నిక్‌లో చదివే మా తమ్ముడు లెవెల్ తెచ్చాడు. బడి గోడ మీద పాత వరద మరక ఇంకా ఉంది. మొదటి స్టాఫ్ (కొలకర్ర) రీడింగ్ అక్కడే తీశాం. రోడ్డును గట్టులా ఎత్తి వేస్తే కొల్లేటి నీటిని సముద్రానికి చేర్చే ఉప్పుటేరు వైపు పోయే నీళ్లు ఊళ్లోకే తంతాయి. అందుకే తూముల చోట్లు కూడా గుర్తిస్తున్నాను.