అప్‌డేట్: ‘లెక్కలు నాకు రావు’ అని రాసింది నేనే

పదో తరగతిలో లెక్కల పరీక్ష తప్పినప్పటి నుంచి ‘అంకెలు నా వల్ల కావు’ అనే నమ్మకంతోనే ఇరవై ఏళ్లు గడిపానని, వరంగల్ కొత్తవాడలోని మా జంపఖానాల దుకాణం ఖాతాలను అందుకే మా మరిదికి వదిలేశానని, ఈ వయసులో ఇది మారుతుందా అని నాలుగు నెలల క్రితం మిమ్మల్ని అడిగాను. మీలో ఒకరు, మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బండూరా 1977లో ప్రతిపాదించిన విషయాన్ని గుర్తుచేశారు: మన సామర్థ్యంపై మనకు నమ్మకం కలగడానికి ఇతరుల ప్రోత్సాహం కంటే స్వయంగా చేసి నెగ్గిన పనులే బలమైన ఆధారమని. ధైర్యవచనాలు చాలా విన్నదాన్ని కనుక, నాకు ఈ మాటే పట్టుకుంది.

మొత్తం ఖాతా జోలికి పోకుండా, మొదటి నెలంతా ఏ రోజు నూలు కొనుగోలును ఆ రోజే రాసి, మొత్తం కూడి పెట్టుకున్నాను. రెండో నెలలో ఒక్కో జంపఖానాకు పట్టిన నూలు, రంగు, నేత కూలి కలిపి అసలు ఖర్చెంతో లెక్కగట్టినప్పుడు, చిన్న సైజు రకాన్ని మేము దాదాపు నష్టానికే అమ్ముతున్నామని బయటపడింది. మా మరిది మొదట ఒప్పుకోలేదు. ఇద్దరం కూర్చుని మళ్లీ కూడితే అదే మొత్తం వచ్చింది. (ఆ సాయంత్రం నాకు కలిగిన సంతోషం కొంచెం అతిగానే ఉండింది.)

ఇప్పటికీ శాతాల దగ్గర చేయి ఆగుతుంది. జీఎస్టీ రిటర్నులు మా మరిదే చూస్తున్నాడు; వాటికి కావలసిన అమ్మకాల పట్టికను మాత్రం వచ్చే నెల నుంచి నేనే తయారుచేస్తానని చెప్పాను.