హెడ్‌ఫోన్‌లో ఏఎన్‌సీ (బయటి చప్పుడును ఎదురు అలతో రద్దు చేసే ఫీచర్) ఆన్ చేసినా పక్క గది మాటలు, మిక్సీ మోత వస్తూనే ఉన్నాయి. పీసు లోపమా, ఇంతేనా?

అమీర్‌పేట్_పీజీ:
ఓవర్-ఇయర్ (చెవి మొత్తాన్ని కప్పే) మోడల్, పన్నెండు వేల రేంజ్. డబ్బా మీద "45 డెసిబెల్స్ దాకా" అని ఉంది. ఏఎన్‌సీ ఆన్ చేయగానే ఫ్యాన్, ఏసీ చప్పుడు దాదాపు మాయం, అంతవరకు బాగుంది. కానీ పక్క గదిలో ఫోన్ మాటలు, వంటింట్లో మిక్సీ, కుక్కర్ విజిల్, కింద బండ్ల హారన్లు అన్నీ వినిపిస్తున్నాయి. మాటలైతే ఆన్ చేశాక ఇంకా స్పష్టంగా వస్తున్నట్టుంది. కళ్లజోడు వాడతాను. రిటర్న్ గడువు ఇంకా ఉంది. లోపమా, సెట్టింగా, లేక రెట్టింపు పెట్టి పెద్ద బ్రాండు కొంటే తీరుతుందా?

డెసిబెల్_బాబాయ్:
మీరు చెప్పినదాన్ని బట్టి ఏఎన్‌సీ పనిచేస్తోంది. ఫ్యాన్, ఏసీ పోయాయంటే అది చేయాల్సింది చేసినట్టే. మిగిలినవి దాని వల్ల అయ్యేవి కావు. ఎందుకో చెప్తాను.

బయటి మైకు శబ్దాన్ని పట్టుకుంటుంది, చిప్ దానికి సరిగ్గా తల్లకిందులుగా ఉండే అలను తయారు చేస్తుంది, స్పీకర్ దాన్ని వదులుతుంది, రెండూ కలిసి చెవి దగ్గర రద్దవుతాయి. ఇదంతా అసలు శబ్దం చెవికి చేరేలోపు అయిపోవాలి. మైకు నుంచి చెవి దాకా దూరం రెండు మూడు సెంటీమీటర్లు, ధ్వని ఆ దూరం దాటడానికి పట్టేది 0.1 మిల్లీసెకను లోపే.

ఇప్పుడు రద్దు చేసే అల 0.1 మిల్లీసెకను ఆలస్యంగా వచ్చిందనుకోండి. 100 హెర్ట్జ్ (సెకనుకు 100 కంపనాలు, అంటే మంద్ర శబ్దం) దగ్గర అది లెక్కలోకే రాదు, మిగిలే శబ్దం 6% (దాదాపు 24 డెసిబెల్స్ తగ్గినట్టు). 1000 హెర్ట్జ్ దగ్గర అదే ఆలస్యానికి 62% మిగిలిపోతుంది, అంటే తగ్గింది 4 డెసిబెల్స్. 1700 దాటితే రద్దవడం పోయి శబ్దం ఇంకా పెరుగుతుంది. అందుకే తయారీదారులే కిలోహెర్ట్జ్ దాటాక ఏఎన్‌సీని తగ్గించేస్తారు. ఆ పైన వచ్చేదంతా కుషన్, కప్పు ఆపాల్సిందే.

మాటల్లో గొంతు బరువు 100–250 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది కానీ, ఏ పదమో తెలిసేది చ, స, త లాంటి హల్లుల వల్ల. వాటి బలమంతా 2000 పైన. ఏఎన్‌సీ గొంతు బరువును కోసేస్తుంది, హల్లులను వదిలేస్తుంది. అంతకుముందు వాటిని కప్పి ఉంచిన ఫ్యాన్ హోరును కూడా తీసేస్తుంది. మాటలు స్పష్టమైనట్టు అనిపించడం భ్రమ కాదు, అడ్డం తొలగింది అంతే.

మిక్సీ కథ వేరు. మోటారు నిమిషానికి 18 వేల చుట్లు తిరిగితే అసలు స్వరం 300 హెర్ట్జ్, అది కొంత తగ్గుతుంది. చెవిని కోసేది బ్రష్‌ల కీచు, జార్‌లో పప్పు కొట్టుకునే చప్పుడు. అవి చాలా పైన ఉంటాయి, పైగా క్షణక్షణం మారతాయి. కుక్కర్ విజిల్ సంగతి సరేసరి.

ఈ వస్తువు పుట్టిందే విమానాల కోసం. బోస్ కంపెనీ 1989లో అమ్మిన మొదటి హెడ్‌సెట్ పైలట్లకు. అక్కడ గంటల తరబడి ఒకే రకం మంద్ర హోరు. మన వంటిల్లు దానికి పూర్తిగా వ్యతిరేకం.

గాలి_సందు:
బాబాయ్ గారు చెప్పింది కరెక్టే, కానీ కళ్లజోడు మాట వదిలేశారు. సగం నష్టం అక్కడే ఉండొచ్చు.

రిటర్న్ నిర్ణయానికి ముందు ఇది చేయండి. పాట ఆపేసి, ఏఎన్‌సీ ఆన్‌లో, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి కూర్చోండి. రెండు కప్పులనూ అరచేతులతో మెల్లగా తలకేసి నొక్కండి. హోరు ఇంకా బాగా తగ్గితే సీల్ లీకవుతోంది, అంటే కుషన్ చుట్టూ ఎక్కడో సందు ఉంది. తర్వాత కళ్లజోడు తీసి నొక్కకుండా వినండి. తేడా వస్తే దోషం ఫ్రేము కాడలది. మందపాటి ప్లాస్టిక్ కాడ కుషన్‌ను పైకెత్తి సందు చేస్తుంది, సన్నని మెటల్ కాడైతే కుషన్‌లో కూరుకుపోతుంది. చెవి వెనక జుట్టు, హుడీ అంచు కూడా ఇదే పని చేస్తాయి. పాత హెడ్‌ఫోన్లయితే కుషన్ తోలు పగిలిందేమో చూడాలి. మన ఉక్కకు, చెమటకు అది త్వరగా పొట్టు లేస్తుంది. అప్పుడు మార్చాల్సింది కుషన్లు, హెడ్‌ఫోన్ కాదు.

లోపం ఉందో లేదో తేల్చడానికి: టోన్ జనరేటర్ యాప్‌తో టీవీలోగానీ బ్లూటూత్ స్పీకర్‌లోగానీ 100, 200, 500, 1000, 3000 హెర్ట్జ్ ఒక్కొక్కటే పెట్టి, ప్రతిచోటా ఏఎన్‌సీ ఆన్, ఆఫ్ చేయండి. ఫోన్ స్పీకర్ వద్దు, అది 100 పలకదు. తల కదపకండి, ఒకే స్వరం గదిలో ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ వినిపిస్తుంది. 100 నుంచి 500 దాకా స్పష్టంగా తగ్గాలి, 3000 దగ్గర తేడా లేకపోవడం మామూలే. 200 దగ్గర ఒక చెవిలో తగ్గి రెండో చెవిలో తగ్గకపోతే మాత్రం మైకు జాలీలో దుమ్ము ఉందేమో పొడి బ్రష్‌తో తుడిచి మళ్లీ చూడండి. అప్పటికీ అంతే అయితే మార్పించుకోండి.

సీలింగ్ ఫ్యాన్ సరిగ్గా నెత్తిమీద ఉంటే ఇంకో చిక్కు. గాలి బయటి మైకును కొడుతుంది, చిప్ దాన్ని శబ్దమనుకుని చెవిలో గరగర పెడుతుంది. కుర్చీ పక్కకు జరపండి. యాప్‌లో గాలి తగ్గించే మోడ్ ఉంటుంది కానీ కొన్ని మోడళ్లలో అది బయటి మైకులను ఆపేస్తుంది, ఏఎన్‌సీ బలహీనపడుతుంది. "అడాప్టివ్" (ఏఎన్‌సీ బలాన్ని తనంతట తానే మార్చుకునే మోడ్) తీసేసి ఫుల్‌లో పెట్టండి. మీరు మాట్లాడగానే బయటి శబ్దం లోపలికి వదిలే ఫీచర్ ఉంటే అదీ ఆఫ్ చేయండి, దగ్గినా కొన్నిసార్లు ఆన్ అయిపోతుంది.

చెవిలో_పువ్వు:
"45 డెసిబెల్స్ దాకా"లో అసలు మాట "దాకా". ల్యాబ్‌లో ఏదో ఒక్క మంద్ర ఫ్రీక్వెన్సీ దగ్గర వచ్చిన గరిష్ఠ అంకె అది. మొత్తం మోతకు వర్తించదు. రెండు మోడళ్లను ఆ అంకెతో పోల్చకండి. రివ్యూల్లో ఫ్రీక్వెన్సీవారీ గ్రాఫ్ ఉంటే, 1000 నుంచి 4000 మధ్య గీత ఎంత తగ్గింపు చూపుతోందో చూడండి. మీ గోల ఉన్నది అక్కడ.

రెట్టింపు పెడితే మంద్రంలో కొంత మెరుగు, మెత్తని కుషన్లు, మంచి పట్టు వస్తాయి. పక్క గది మాటలు తగ్గుతాయి, పోవు. అదొక్కటే కారణమైతే నేను కొనమని చెప్పను. సిలికాన్ టిప్ లేకుండా చెవి బయటే కూర్చునే ఏఎన్‌సీ బడ్స్ జోలికి అసలే వెళ్లకండి.

అమీర్‌పేట్_పీజీ:
థాంక్యూ అందరికీ. కళ్లజోడు తీస్తే ఏసీ హోరు ఇంకా తగ్గింది, రెండు చెవులూ సమానంగానే ఉన్నాయి, కాబట్టి రిటర్న్ చేయను. మాటలను కప్పడానికి బ్రౌన్ నాయిస్ (మంద్రమైన ఏకధాటి హోరు) పెట్టుకోమని చాలామంది అంటారు. పనిచేస్తుందా?

డెసిబెల్_బాబాయ్:
బ్రౌన్ నాయిస్‌లో బలమంతా కిందే ఉంటుంది, హల్లులను కప్పదు. మీకు కావాల్సింది పింక్ నాయిస్ (పై స్వరాలు కూడా తగినంత ఉండే హోరు) లేదా వాన చప్పుడు. ఏఎన్‌సీ ఆన్‌లోనే ఉంచి, సున్నా నుంచి మెల్లగా పెంచుతూ, పదాలు అర్థం కాని మొదటి స్థాయి దగ్గర ఆపేయండి. గొంతు వినిపించినా ఫరవాలేదు, మనసును లాగేది పదమే. రోజంతా పెట్టుకునేవాళ్లు వాల్యూమ్ ఇంకా తక్కువ ఉంచాలి. వారానికి 40 గంటలైతే 80 డెసిబెల్స్ దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది.

చదువుకో, పరీక్షకో నిజంగా నిశ్శబ్దం కావాలంటే ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ పెట్టి, వాటిపైన ఇదే హెడ్‌ఫోన్ ఏఎన్‌సీ ఆన్‌లో పెట్టండి. 3ఎమ్ కంపెనీ 1100 మోడల్ ప్లగ్‌కు ల్యాబ్ రేటింగ్ 29 డెసిబెల్స్, కొద్ది రూపాయలకే మెడికల్ షాపులో, హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది. పై స్వరాల శబ్దాలను ప్లగ్, మంద్రాన్ని ఏఎన్‌సీ చూసుకుంటాయి. అయితే రెండింటి అంకెలూ కూడేసి లెక్కపెట్టకండి, ఒక హద్దు దాటాక శబ్దం పుర్రె ఎముకల గుండా నేరుగా లోపలి చెవికి వెళ్తుంది.

ప్లగ్ సరిగ్గా పెట్టకపోతే ఆ 29లో సగం కూడా రాదు. పొడి వేళ్లతో సన్నగా, ముడతల్లేకుండా చుట్టండి. రెండో చేతిని తల మీదుగా తెచ్చి చెవిని పైకి, వెనక్కి లాగండి. లోపలికి తోసి అరనిమిషం వేలితో అలాగే పట్టుకోండి, అది ఉబ్బి నిండాలి. తీసేటప్పుడు ఒక్కసారిగా లాగకుండా మెల్లగా తిప్పుతూ తీయండి, లేదంటే గాలి పీడనానికి కర్ణభేరి నొప్పెడుతుంది.