అప్‌డేట్: అందరం అమీర్‌పేటలోనే కలిశాం

మియాపూర్, ఎల్బీనగర్, నాగోలు... హైదరాబాద్‌లో మూడు మూలల్లో ఉన్న పాత మిత్రులను ఒక్క ఆదివారంలో ఎలా కలవాలని అడిగాను కదా! "అందరినీ మెట్రోలో అమీర్‌పేటకు రమ్మనండి" అన్నవారికి నమస్కారం. నేను 2016లో ఊరు వదిలేనాటికి స్తంభాలే తప్ప రైలు లేదు. ఎరుపు, నీలం మార్గాలు అక్కడే కలుస్తాయి కాబట్టి ముగ్గురూ వేళకే వచ్చారు. ఆలస్యమైంది నాకే, వేరే వైపు మెట్లు దిగి.

ఆబిడ్స్ కాలిబాట మీద పాత పుస్తకాలు తిరగేశాం. తర్వాత ఇరానీ హోటల్. ఉస్మానియా బిస్కెట్టు ముంచగానే సగం విరిగి చాయ్‌లో పడింది.

"నీకు అప్పుడూ ముంచడం రాదు" అంటూ నాగోలు మిత్రుడు చెంచా అందించాడు.

చార్మినార్‌కు వెళ్లలేదు. కబుర్లకే చీకటి పడింది.