బేక్జే రాజు ముర్యోంగ్ పుట్టింది 461లోనా, 462లోనా?

లంకపొలం, రాజోలు:
మా ఊరి లైబ్రరీ గోడపత్రికలో కొరియాలోని పాత బేక్జే రాజ్యాన్ని ఏలిన రాజు ముర్యోంగ్ మీద ఒక పేజీ వేస్తున్నాం. ఏలింది 501 నుంచి 523 దాకా, అందులో పేచీ లేదు. పుట్టిన ఏడు ఒకచోట 461, ఇంకోచోట 462. తండ్రి సంగతీ అంతే. ఏది వెయ్యమంటారు? 510లో గట్లు బాగుచేయించాడట కదా, "కొరియా కాటన్ దొర" అని హెడ్డింగు పెట్టెయ్యొచ్చా?

పంచాంగం:
462 వెయ్యండి. సమాధిలో దొరికిన రాతిపలక మీద పేరు సామా అనీ, వయసు 62 అనీ, గ్యేమ్యో ఏడు అయిదో నెల ఏడో రోజున పోయాడనీ చెక్కి ఉంది. మన ప్రభవ, విభవల్లాగే వాళ్లకీ అరవై ఏళ్ల పేర్లు. 2023 గ్యేమ్యో. అందులోంచి 25 అరవైలు, అంటే 1500 తీసెయ్యండి, 523. మన పంచాంగం వరస పట్టుకుని మాత్రం లెక్కెయ్యకండి. వాళ్ల మొదటి ఏడు 1984లో వస్తే మన ప్రభవ 1987లో వచ్చింది, మూడేళ్లు తప్పుతారు.

అందరూ జారేది వయసు దగ్గర. అక్కడ పుట్టగానే ఒకటో ఏడు. కాబట్టి 523లోంచి తియ్యాల్సింది 62 కాదు, 61. ఇక 461 అన్నది జపాన్ వాళ్ల పాత చరిత్ర గ్రంథం నిహోన్ షోకి చెప్పే ఏడు. దీవిలో పుట్టాడు గనక దీవి అని అర్థమొచ్చే "షిమా" పేరు పెట్టారంటుంది. పలక మీది "సామా" ఆ మాటకి దగ్గరగానే ఉంది, ఏడాదే ఒకటి తేడా.

తండ్రి విషయంలో 1145 నాటి కొరియా చరిత్ర గ్రంథం సంగుక్ సాగిని నమ్మలేం. ఇతనికి ముందు ఏలిన దోంగ్‌సోంగ్ రాజుకి రెండో కొడుకంటుంది. 479లో దోంగ్‌సోంగ్ చిన్నవాడిగా ఉండగానే గద్దెక్కాడని నిహోన్ షోకి మాట. పలక లెక్కన అప్పటికే ఇతనికి 18. కొడుకెలా అవుతాడండీ? బేక్జే రాకుమారుడు కొంజి కొడుకనీ, అంతకుముందు బేక్జేని ఏలిన కేరో రాజు కొడుకనీ రెండు మాటలున్నాయి, రెండూ వేసెయ్యండి.

గట్టుమీద:
కాటన్ దొర హెడ్డింగు వద్దండి. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852కి పూర్తయిందని, ఏ కాలువ ఎటు వెళ్లిందని మనకి తెలుసు. 510 సంగతి సంగుక్ సాగిలో ఒక్క వాక్యం: మొదటి నెలలో గట్లు గట్టిచెయ్యమన్నాడు, పనీపాటా లేకుండా తిరిగేవాళ్లని సేద్యానికి తోలమన్నాడు. ఏ నదో, ఎంత పొడవో లేదు. మీ పాఠకులకి పనికొచ్చేది ఆ నెల. చాంద్రమానంలో మొదటి నెలంటే ఇంచుమించు ఫిబ్రవరి. అక్కడ పెద్ద వానలు జూన్ చివర్లో. మన దగ్గర వేసవిలో కాలువలు కట్టేశాక పూడిక తీసి గట్లు వేసుకోవడం లాంటిదే. కొత్త మట్టి దిగి గట్టిపడ్డానికి వ్యవధి కావాలి, వాన ముంచుకొచ్చాక వేసిన చోటే గండి పడుతుంది.

అలాగని అంతా సుభిక్షం అని రాయకండి. 506లో నదులూ చెరువులూ ఎండిపోయి గాదెలు తెరిపించాల్సి వచ్చింది. 521లో అయిదో నెల వరద, ఎనిమిదో నెల మిడతలు, 900 కుటుంబాలు పక్క రాజ్యం సిల్లాకి పారిపోయాయి. చైనా లియాంగ్ చక్రవర్తి మహాసేనాని బిరుదిచ్చింది కూడా ఆ ఏడు చివర్లోనే. పలక మీద మొదట కనిపించేది ఆ బిరుదే!

ఇటుకబట్టీ:
సమాధి బొమ్మ వేసేటట్టయితే ఇటుకల వరస చూసుకోండి: నాలుగు పడుకోబెట్టి, ఒకటి నిలబెట్టి. 1971 జూలైలో దక్షిణ కొరియాలోని కొంగ్‌జు ఊళ్లో పక్క సమాధుల్లోకి నీరు దిగకుండా కాలువ తవ్వుతుంటే బయటపడింది. తెరిచాక రాత్రికి రాత్రే సామానంతా ఎత్తేశారు, ఏ వస్తువు ఎక్కడ పడి ఉందో సగం వివరం అప్పుడే పోయింది. ఇంకోటి, సమాధి నేలని భూదేవతల దగ్గర 10,000 నాణేలకి కొన్నట్టు పలక మీద ఉంది. పలకల మీద పెట్టిన ఇనుప నాణేలు దాదాపు 90. బొమ్మ కింద 10,000 అని వెయ్యకండి.

లంకపొలం, రాజోలు:
462 వేసేస్తున్నాం. హెడ్డింగు "మొదటి నెలలో గట్లు" అని మార్చాం.