రెండు గ్రాఫిక్స్ కార్డులకు ఒకే వాటర్ లూప్: 360 రేడియేటర్ సరిపోతుందా?

ఎంవీపీ_పైఅంతస్తు:
అందరికీ నమస్కారం. విశాఖ ఎంవీపీ కాలనీలో సముద్రం వైపు కిటికీ ఉన్న గదిలో నా కంప్యూటర్ ఉంది. 4కె మానిటర్ మీద ఆటల కోసం ఆర్‌టీఎక్స్ 3090 గ్రాఫిక్స్ కార్డు వాడుతున్నాను. తెలిసినవారొకరు అదే కార్డు ఇంకొకటి అమ్ముతామంటున్నారు. రెండూ దగ్గర దగ్గరగా బిగిస్తే పై కార్డుకు గాలి ఆడదు కనుక, రెండింటినీ ప్రాసెసర్‌తో పాటు ఒకే వాటర్ లూప్‌లో (పంపుతో నీరు తిప్పి వేడిని రేడియేటర్‌కు చేర్చే గొట్టాల వలయం) పెట్టాలని ఆలోచన. 360 మి.మీ. రేడియేటర్ ఒక్కటి చాలా? నీరు వరుసగా వెళ్తే రెండో కార్డు ఎక్కువ వేడెక్కదా?

రాగిగొట్టం:
రెండో కార్డు గురించి బెంగ అక్కర్లేదండి. నిమిషానికి 4 లీటర్ల నీరు తిరిగే లూప్‌లో ఒక కార్డు 350 వాట్ల వేడి కలిపితే, నీటి ఉష్ణోగ్రత పెరిగేది ఒకటింబావు డిగ్రీ మాత్రమే. వరుసగా కలిపినా సమాంతరంగా కలిపినా ఆటలో తేడా తెలియదు.

రేడియేటర్ సంగతి వేరు. కార్డులవే 700 వాట్లు, పైన ప్రాసెసర్. చప్పుడు లేకుండా నడవాలంటే 120 మి.మీ. ఫ్యాను ఒక్కోదానికి సుమారు 100 వాట్లు అని లెక్క వేసుకుంటారు కనుక మూడు ఫ్యాన్లు పట్టే 360 ఒక్కటి చాలదు, రెండు 360లతో మొదలుపెట్టి, కేబినెట్‌లో చోటుంటే మూడోది కూడా పెట్టండి. అన్నిటికన్నా ముఖ్యంగా చూడవలసింది కార్డు వెనుక వైపు. 3090లో 24 మెమరీ చిప్‌లలో 12 వెనుకే ఉంటాయి, ముందు బిగించే వాటర్ బ్లాక్ (లోపల నీరు పారే లోహపు దిమ్మ) వాటిని తాకదు. వెనుక పలకకు వేడిని లాగే మంచి థర్మల్ ప్యాడ్లు వేసి, దాని మీదుగా గాలి పోయేలా ఒక ఫ్యాను తిప్పకపోతే, కోర్ (కార్డు ప్రధాన చిప్) చల్లగా ఉన్నా మెమరీ మాడుతూనే ఉంటుంది.

ఉప్పుగాలి:
మన ఊరికి సంబంధించి రెండు మాటలు. రాగి బ్లాకులున్న లూప్‌లో అల్యూమినియం రేడియేటర్ కలపకండి, లోహాల తేడా వల్ల అల్యూమినియం తినేసుకుపోతుంది. బయట ఉప్పుగాలి ఎలాగూ ఉంది, తీరం వైపు గదుల్లో రేడియేటర్ రెక్కల మీద చేతికి జిగటగా తగిలే దుమ్ము పొర పడుతుంది, దాన్ని మెత్తని బ్రష్‌తో దులుపుతూ ఉండాలి. బోరు నీళ్లు గానీ, క్యాను నీళ్లు గానీ పోయవద్దు. డిస్టిల్డ్ వాటర్‌లో తుప్పును, నాచును ఆపే మందు కలిపి వాడండి. గది కన్నా చల్లగా ఉంచుదామని నీటిని ఫ్రిజ్‌లా చల్లబరిచే చిల్లర్ జోలికి మాత్రం పోకండి. వేసవిలో ఇక్కడి గాలికి 25 డిగ్రీల దగ్గరే తేమ నీటి బొట్లుగా మారుతుంది, ఆ బొట్లు పడేది సరిగ్గా బోర్డు మీదే.

డాబాగార్డెన్స్_టెక్:
ఇంతకీ రెండో కార్డు దేనికండి? 2021 జనవరి 1 నుంచి ఎన్‌విడియా కొత్త ఎస్‌ఎల్‌ఐ ప్రొఫైళ్లు (రెండు కార్డులు కలిసి ఒక ఆటను నడిపేలా డ్రైవర్‌లో ఇచ్చే అమరికలు) ఇవ్వడం మానేసింది. 3090లో రెండు కార్డులను కలిపే ఎన్‌వీలింక్ ఉన్నా, ఆట తయారుచేసినవారే రెండు కార్డులకు వీలు కల్పిస్తే తప్ప రెండోది ఖాళీగా కూర్చుంటుంది. కొత్త ఆటల్లో అలాంటివి దాదాపు లేవు. బ్లెండర్ అనే 3డి సాఫ్ట్‌వేర్‌లో రెండరింగ్ (బొమ్మలను కంప్యూటర్‌తో గీయించడం) చేసేవారికైతే రెండూ చక్కగా పనిచేస్తాయి. అన్నీ నిండుగా నడిస్తే దాదాపు 900 వాట్ల వేడి గదిలోకే వస్తుందన్నది కూడా చూసుకోండి. ఒక టన్ను ఏసీ శక్తిలో నాలుగో వంతు దానికే పోతుంది.

ఎంవీపీ_పైఅంతస్తు:
అందరికీ ధన్యవాదాలు. నాకు బ్లెండర్ పని లేదు, ఆటలే. రెండో కార్డు వద్దని చెప్పేస్తాను. ఉన్న కార్డుకు, ప్రాసెసర్‌కు కలిపి రెండు 360 రేడియేటర్లు ఎక్కువవుతాయా?

రాగిగొట్టం:
ఎక్కువేమీ కాదండి, ఫ్యాన్లు నెమ్మదిగా తిరుగుతాయి. నీరు నింపాక మిగతా భాగాలకు కరెంటు ఇవ్వకుండా పంపు ఒక్కదాన్నే 24 గంటలు తిప్పి, జాయింట్ల కింద టిష్యూ కాగితం పరిచి చూడండి.