ఏడు వారాలైనా మా పట్టుచీరల సైటులోని తెలుగు పేజీలు గూగుల్‌లో కనిపించడం లేదు

ప్రశ్న (బరంపురం నుంచి)

నమస్కారం. మేము బరంపురంలో తాతల నాటి నుంచి పట్టుచీరలు నేయించి అమ్ముతున్నాము. భౌగోళిక గుర్తింపు ఉన్న చీర కాబట్టి బయటి ఊళ్లవారు కూడా వెతుక్కుంటూ వస్తారన్న ఆశతో, ఏడు వారాల క్రితం వర్డ్‌ప్రెస్ అనే సైట్లు కట్టే సాఫ్ట్‌వేర్‌తో ఒక వెబ్‌సైటు పెట్టించాము. అందులో తెలుగు పేజీలు 38, ఒడియా పేజీలు 12 ఉన్నాయి. తెలుగు పేజీలన్నీ మా పాత కేటలాగు నుంచి డీటీపీ చేసే ఆయన తీసి పెట్టినవి. ఒడియా పేజీలు మా అమ్మాయి ఫోనులో టైపు చేసింది. సైటు యజమానుల కోసం గూగుల్ నడిపే సెర్చ్ కన్సోల్‌లో నమోదు చేసుకుని, సైట్‌మ్యాప్ (మా పేజీల చిరునామాల జాబితా) కూడా ఇచ్చాను. అయినా మా చిరునామాకు ముందు ‘సైట్’ అనే మాట, రెండు చుక్కలు చేర్చి వెతికితే మొదటి పేజీ, ఒడియా పేజీలు మాత్రమే వస్తున్నాయి. తెలుగు పేజీల ఎదుట ‘క్రాల్ చేశాము, ప్రస్తుతానికి ఇండెక్స్ చేయలేదు’ అన్న అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యం ఉంది; అంటే గూగుల్ వచ్చి చూసింది కానీ తన జాబితాలో చేర్చుకోలేదట. ఇంతలో ఒకరు ఫోను చేసి, మూడు వేల రూపాయలిస్తే అయిదు వందల సెర్చ్ ఇంజన్లకు మా సైటును పంపిస్తామంటున్నారు. ఇవ్వవచ్చునా?

జవాబు 1 (రాయగడ నుంచి)

ఆ మూడు వేలు దయచేసి ఇవ్వకండి. మన దేశంలో వెతికేవారిలో అత్యధికులు గూగుల్‌నే వాడతారు, ఆ తరువాత బింగ్. గూగుల్‌కు మీరు ఇప్పటికే చెప్పారు. బింగ్ వెబ్‌మాస్టర్ పరికరంలోకి మీ సెర్చ్ కన్సోల్ వివరాలను ఒక్క నొక్కుతో దిగుమతి చేసుకోవచ్చు, దానికి రుసుము లేదు. పాత పాఠాలలో సైట్‌మ్యాప్‌ను గూగుల్‌కు ‘పింగ్’ చేయమని (ఒక లింకు ద్వారా కబురు పంపమని) రాసి ఉంటుంది కానీ, ఆ దారిని మూసివేస్తున్నట్లు గూగుల్ 2023లోనే ప్రకటించింది.

ముందుగా వర్డ్‌ప్రెస్ సెట్టింగులలో ‘రీడింగ్’ అన్న చోట, సెర్చ్ ఇంజన్లను రావద్దని చెప్పే గడిలో టిక్కు పడి ఉందేమో చూడండి. సైటు తయారవుతున్నప్పుడు పెట్టిన టిక్కును తీయడం మరచిపోయి నెలల తరబడి ఎదురుచూసినవారు నాకు తెలుసు. వారిలో నేనూ ఒకడిని.

జవాబు 2 (పర్లాకిమిడి నుంచి)

రాయగడ వారు చెప్పిన టిక్కు సైటు మొత్తానికీ వర్తిస్తుంది కనుక, అదే కారణమైతే ఒడియా పేజీలు కూడా వచ్చేవి కావు. అసలు కిటుకు ప్రశ్నలోనే ఉందని నా అనుమానం: ఫోనులో టైపు చేసినవి వచ్చాయి, డీటీపీ నుంచి వచ్చినవి రాలేదు. ఒక చిన్న పరీక్ష చేయండి. తెలుగు పేజీలోని ఒక పేరాను కాపీ చేసి, ఫోనులో మీకు మీరే పంపుకునే సందేశంలో అతికించి చూడండి. అక్కడా తెలుగే కనిపిస్తే నా ఊహ తప్పు. ఇంగ్లీషు అక్షరాలు, డాలరు గుర్తులు, నెత్తిన టోపీలు పెట్టుకున్న అక్షరాలు కనిపిస్తే, అది యూనికోడ్ (అన్ని ఫోన్లూ, కంప్యూటర్లూ ఒకేలా గుర్తించే అక్షర సంకేతాలు) కాని పాత డీటీపీ ఫాంటు. ఆ ఫాంటు ఫైలును సైటులోనే ఎక్కించి ఉంటారు కాబట్టి మన కంటికి అది తెలుగులాగే కనబడుతుంది. గూగుల్‌బాట్ (సైట్లను తిరిగి చదివే గూగుల్ ప్రోగ్రాము) మాత్రం బొమ్మను కాదు, దాని వెనుకనున్న సంకేతాలను చదువుతుంది. దానికి మీ ‘పట్టుచీర’ అర్థంలేని ఇంగ్లీషు ముక్క. అటువంటి పేజీని వచ్చి చూసినా, జాబితాలో చేర్చుకోదు.

ప్రశ్నించినవారు (బరంపురం)

పరీక్ష చేశాను. ‘కుంభం అంచు’ అన్న రెండు మాటలకు బదులు ఒక డాలరు గుర్తు, ఒక ప్లస్ గుర్తు, మధ్యలో ఏవో ఇంగ్లీషు అక్షరాలు వచ్చాయి. మొదటి పేజీ శీర్షికను అమ్మాయే టైపు చేసింది కాబట్టి అది ఒక్కటీ గట్టెక్కిందన్నమాట. ఇప్పుడు 38 పేజీలూ మళ్లీ టైపు చేయించాలా?

జవాబు 3 (జయపురం నుంచి)

అక్కరలేదు. డీటీపీ ఫాంటులోని పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చే సాధనాలు ఉచితంగా దొరుకుతాయి. అయితే వత్తుల దగ్గర, ముఖ్యంగా ర వత్తు దగ్గర అవి తడబడతాయి కాబట్టి, మార్చిన ప్రతి పేజీనీ ఎవరైనా ఒకసారి పైకి చదివి దిద్దాలి. దిద్దిన తరువాత సెర్చ్ కన్సోల్‌లో పేజీ చిరునామా ఇచ్చి ఇండెక్సింగ్ కోరవచ్చు; రోజుకు కొద్ది పేజీలకే అవకాశం ఉంటుంది కనుక ఎక్కువగా అమ్ముడయ్యే రకాలతో మొదలుపెట్టండి. ఆపైన కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల వరకు పట్టవచ్చు.

ఇండెక్సింగ్‌ను ఆపేది కాకపోయినా, మరొక చిక్కు చెబుతాను. వర్డ్‌ప్రెస్ శీర్షిక నుంచే పేజీ చిరునామాను తయారుచేస్తుంది. తెలుగులో గుణింతం, సున్న, పొల్లు అన్నీ విడివిడి సంకేతాలే. ఒక్కొక్క సంకేతానికి చిరునామాలో 9 అక్షరాల చోటు పడుతుంది, హద్దు 200. ‘బరంపురం పట్టు చీర కుంభం అంచు’ అని పెట్టి చూడండి: ‘కుంభం’ వరకే 183 అయిపోయి, ‘అంచు’లో ‘అ’ మాత్రం మిగులుతుంది. అంచు తెగిన చీరను ఎవరు కొంటారు? కాబట్టి చిరునామాలను పొట్టిగా, ఇంగ్లీషు లిపిలో పెట్టుకుని, శీర్షికలను తెలుగులోనే ఉంచండి. ఊరి పేరు కూడా బరంపురం, బ్రహ్మపూర్ అని రెండు విధాలుగానూ పాఠంలో సహజంగా వచ్చేలా చూడండి. లేకపోతే పశ్చిమ బెంగాల్‌లోని బహరంపూర్‌తో వెతికేవారు తికమకపడతారు.

ప్రశ్నించినవారు (బరంపురం)

పదకొండు రోజుల తరువాత రాస్తున్నాను. 14 పేజీలు దిద్ది ఎక్కించగా, అందులో 9 ఇండెక్స్ అయ్యాయి. దిద్దుతున్నప్పుడు ‘పట్టు’లో ట వత్తు ఎగిరిపోయి రెండు చోట్ల ‘పటు చీర’ అని మిగిలింది. దాన్ని మా అమ్మ పట్టుకుంది. మూడు వేలు అడిగినవారు నిన్న మళ్లీ ఫోను చేశారు, అవసరం లేదని చెప్పాను.